మూడో కిటికీ

రేపు కమిటీ వస్తుంది.
చాదర్‌ఘాట్ వంతెన కింది మూసీ వాసన
మా స్టాఫ్ రూము దాకా వచ్చి
కొత్త సున్నం వాసనతో పోట్లాడుతోంది.
అద్దెకు తెచ్చిన క్రోటన్ కుండీలు
గేటు నుంచి ప్రిన్సిపాల్ గది వరకు
కొత్తగా బళ్లో వేసిన పిల్లల్లా
బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.

నేను అకౌంటెన్సీ చెప్తాను. కాంట్రాక్టు మీద, పదకొండేళ్లుగా.
ఇప్పుడు రాత్రి తొమ్మిదికి రెండో ప్రమాణం నింపుతున్నాను.
ఒక్కో పాఠానికి ఒక్కో ఫలితం,
ఒక్కో ఫలితానికి ఒకటో, రెండో, మూడో.
అన్నీ కలిపి భాగిస్తే
ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది.
రెండుకు తగ్గితే ఎందుకు తగ్గిందో రాయాలి,
ఏం చర్య తీసుకున్నామో రాయాలి,
ఆ చర్యకు ఫోటోలు అంటించాలి.
రెండు పాయింట్ నాలుగు వేశాను.

ఇన్నేళ్లూ పిల్లలకు చెప్పింది ఒక్కటే:
లెక్క కుదరకపోతే తప్పు వెతకండి,
సస్పెన్స్ ఖాతాలో పడేసి నిద్రపోకండి.

నుస్రత్‌ను ఎక్కడ వేయను ఈ పట్టికలో?
మూడుసార్లు తప్పింది నా పేపరే.
ఒక మధ్యాహ్నం వాళ్ల అబ్బా అప్పు పుస్తకం తెచ్చి
నా బల్ల మీద పెట్టింది.
లక్క గాజుల బట్టీ కోసం ఎనభై వేలు.
"సార్, మేం కట్టిందంత వడ్డీల రాసుకుండు.
ఆ వడ్డీకి మల్ల వడ్డీ ఏసిండు.
పోయిన రంజాన్‌కే తీరిపోయింది సార్ మా అప్పు.
ఇంక ఇస్తనే ఉన్నం."
రెండుసార్లు వేసి చూశాను.
పైసా తేడా లేదు ఆమె లెక్కలో.
ఆ ఏడు కూడా తప్పింది.
పట్టికలో ఆమెది ఎర్ర గడి.

ఫస్ట్ క్లాసు గిరిధర్‌ది ఆకుపచ్చ.
చెక్కు వెనక సంతకం ఎక్కడ పెట్టాలో
మొన్న బ్యాంకు నుంచే ఫోన్ చేసి అడిగాడు.
మంచి పిల్లవాడు. చెప్పాను.

అభిప్రాయ పత్రాలు నూట నలభై రెండు.
'బోధన ఎలా ఉంది, ఐదుకు ఎంత?'
అందరూ నాలుగే.
ఒకడిని చూసి ఒకడు, టిక్కులు కూడా ఒకే వాలులో.
ఐదేస్తే అనుమానం,
మూడేస్తే పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు.
నవ్వొచ్చింది.
ఏ సిలబస్సులో ఉంది ఇది, ఎవరు నేర్పారు?

తొంభయ్యారో కాగితం వెనక, పెన్సిల్‌తో:
"మూడో కిటికీ మూసుకుంటలేదు సార్.
వానొస్తె ముగ్గురం లేచి గోడకు నిలబడ్తున్నం.
నోట్సు తడుస్తున్నయి."
పేరు లేదు.

ఏడాదిగా ఆ గదిలోనే చెప్తున్నాను.
జర్నల్ ఎంట్రీ మధ్యలో ముగ్గురు లేస్తే
పాఠమంటే లెక్క లేదనుకున్నాను.
ఒకసారి బయటికి కూడా పంపాను,
ఆ వానలోకే.

ఏ గడిలో రాయను దీన్ని?
మౌలిక వసతులా, విద్యార్థి సంతృప్తా,
ఉత్తమ ఆచరణా?

అటెండర్ బుచ్చమ్మ తాళాల గుత్తితో వచ్చింది.
"ఇంక పోరా సార్? ఆఖరు బస్సు పోతది."
ఇద్దరం పైకెక్కాం ఫోన్ వెలుతురులో.
కొక్కెం ఊడింది. చెక్క నాని ఉబ్బింది.
ఫైలు కట్టే ఎర్ర నాడా విప్పుకెళ్లి
రెక్కను ఊచకు బిగించి కట్టాను.
బుచ్చమ్మ లాగి చూసింది.
"ఈ వానకైతె ఆగుతది," అంది,
"మీదొచ్చే వానకు చెప్పలేం."

కిందికొచ్చేసరికి
నాడా లేని ఫైలు ఫ్యాన్ గాలికి గదంతా పరుచుకుంది.
ఒక్కొక్క పేజీ ఏరుతున్నాను.
రెండు పాయింట్ నాలుగున్న కాగితం
బీరువా కిందికి పోయింది.
అంచు కనిపిస్తూనే ఉంది.
ఇంకా వంగలేదు.